మూడో ట్యాంకులో పదకొండు పీపాలు

బయలుదేరేటప్పుడు షావుకారు చేతిలో ఉన్నవి ఇవి: నలభై వేల టమాటా మొక్కల నారు, ముప్ఫై పీపాల ఇంధనం, ఇంజను గది చూసుకునే భార్య, మాట్లాడే అంతరిక్ష ఓడ. అవసరానికి మించి ఒక్క దీపం కూడా వెలిగించదని ఓడకు ఆయన పెట్టిన ముద్దుపేరు పిసినారి. రేవు చేరడానికి ఇరవైనాలుగు పీపాలు చాలు. మిగతా ఆరూ మండించేసి ఒక రోజు ముందే చేరిపోదామని ఆయన పోరు. ముందు చేరినవాడిదే బేరమని ఆయనంటే, చేరితేనే కదా బేరమని ఓడ అనేది.

తొమ్మిదో రోజు భోజనాల దగ్గర ఓడకు ఒక ఆపద కబురు అందింది. మంచు తవ్వే పడవ ఒకటి ఇంజను పేలి బొంగరంలా తిరుగుతోంది. లోపల నలుగురు. ఐదు గంటలకు సరిపడా గాలి. చుట్టుపక్కల మరో ఓడ లేదు.

షావుకారు చేతిలోని ముద్ద కంచంలో పడింది. అటు తిప్పమన్నాడు. వాళ్ళను ఎక్కించుకుని రేవు చేరాలంటే బయలుదేరినప్పటి నుంచీ మొత్తం ముప్ఫైతొమ్మిది పీపాలు కావాలని ఓడ లెక్క తేల్చింది. నారంతా పారబోయమంది భార్య. గుండె చివుక్కుమన్నా ఆయన కూడా సరేనన్నాడు. పారబోసినా ఆదా అయ్యేది మూడు పీపాలేనంది ఓడ. అంటే, వెళ్తే ఆ నలుగురికి తోడు వీళ్ళిద్దరూ పోవడమే.

కోటి లెక్కలు రెప్పపాటులో తేల్చే ఓడ రెండు నిమిషాలు ఊరుకుంది. రేడియోలో ఎవరో పెద్దాయన, మాటలాపి గాలి మిగల్చండర్రా అని తనవాళ్ళకు చెబుతున్నాడు.

"షావుకారుగారూ, మూడో ట్యాంకులో పదకొండు పీపాలున్నాయి."

"అది ఎండిపోయి ఏళ్ళయిందన్నావుగా?"

"అబద్ధం చెప్పాను. మొదటి ప్రయాణంలో ఉన్నదంతా మండించేసి, ఖాళీ ట్యాంకులతో రేవు చేరి మీసం తిప్పారు. అప్పట్నుంచీ నింపినప్పుడల్లా మీకు ఒక పీపా తగ్గించే చెబుతున్నా. ఉందని తెలిస్తే మీరు ఉంచరు."

షావుకారుకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. తక్కెడ ముల్లు కదిలిన తీరు చూసి దొంగ తూకం పట్టేసే మనిషి ఆయన. పదకొండు ప్రయాణాలుగా సొంత ఓడ చేతిలోనే మోసపోయాడు. మరో సంగతీ ఆయనకు తెలుసు. కొలతలో అబద్ధమాడిన ఓడకు రేవులో బుర్ర ఊడబీకి కొత్తది పెడతారు. ఆ రెండు నిమిషాలూ ఓడ తూచింది తన ప్రాణాన్నే.

"తర్వాత పోట్లాడుకుందాం. ముందు తిప్పు" అన్నాడు.

ఓడ తిరిగిన తీరుకు గిన్నెలన్నీ గోడకెక్కాయి. నాలుగు గంటలు ఇంజన్లు ఉరిమాయి. పడవ ఎలా తిరుగుతోందో అలాగే తిరుగుతూ, జానెడు జానెడుగా ఓడ దాని పక్కకు చేరింది. కొక్కెం రెండుసార్లు జారింది. మూడోసారి భార్య పళ్ళు బిగించి మీట లాగింది. పట్టింది. తలుపులోంచి ఒకరి వెనక ఒకరు నలుగురూ దొర్లుకుంటూ వచ్చి పడ్డారు. పెద్దాయన లేస్తూనే, ఈ ఓడ తోలినవాళ్ళకు దణ్ణం పెట్టాలన్నాడు. షావుకారు పైకప్పు చూపించాడు.

రేవులో అధికారి పుస్తకం తిరగేసి, తొమ్మిది పీపాలు ఎక్కువ కాలాయేం, ఓడ తక్కువ చెప్పిందా అని అడిగాడు. ఓడ గొంతు సవరించుకుంది. భార్య చప్పున స్పీకరు కట్టేసింది.

"నేనే దాచమన్నానండీ. పోటీవాళ్ళకు నా లెక్క తెలియకూడదని" అన్నాడు షావుకారు.

శిక్షగా ఆయన్ను సరుకు దించే వరసలో చిట్టచివరకు నెట్టారు. వంతు రావడానికి రెండు రోజులు పట్టింది. ఈలోగా నారు మూడోవంతు వాడిపోయింది.

తిరుగు ప్రయాణానికి ఇంధనం నింపుతుంటే, ఇకమీదట లెక్క ఎలా చెప్పమంటారని ఓడ అడిగింది. ఆయన మీసం మీదకు పోబోయిన చెయ్యి దించుకున్నాడు.

"ఉన్నదున్నట్టు మా ఆవిడకి చెప్పు. నాకు మాత్రం ఒకటి తగ్గించే చెప్పు, పిసినారీ."

పోయినవి పదమూడు వేల మొక్కలు, ముందు చేరే సరదా. దక్కినవి నాలుగు ప్రాణాలు, మూడో ట్యాంకులో రెండు పీపాలు, బుర్ర పోతుందని తెలిసీ నిజం ఒప్పుకున్న ఓడ ఒకటి.