మావ మీద ఒట్టు

చంద్రమౌళి ఎవరి మాటా ఓ పట్టాన నమ్మడు. పుట్టుకతో వచ్చిన గుణం కాదది, అంబులెన్సులో ఎనిమిదేళ్ల ఉద్యోగం అంటించిన జబ్బు. మొగుడు తన్నితే చెయ్యి విరిగిన ఆడమనిషి బాత్రూంలో జారిపడ్డానంటుంది. తాగి బండి తోలి పడ్డవాడు కుక్క అడ్డొచ్చిందంటాడు. వీళ్ల మాటే నిజమైతే గజపతినగరం చుట్టుపక్కల కుక్కలన్నీ రోడ్ల మీదే కాపురాలు పెట్టి ఉండాలి. ఇన్ని విని విని, ఇంట్లో భార్య బిందు తలనొప్పన్నా ఎప్పట్నించి, ఎటువైపు, దేనికైనా తగిలిందా అని ఆరాలు తీసేవాడు. ఆవిడ విసుగెత్తి తలనొప్పి వస్తే చెప్పడమే మానేసింది.

ఆషాఢమాసంలో ఓ మధ్యాహ్నం రెండున్నరకి ఫోనొచ్చింది. పెద్దాయన గడ్డికుప్ప మీంచి పడ్డాడట, కాలు విరిగిందట. ఊరు హైవేకి ఐదు కిలోమీటర్లు లోపల. డ్రైవర్ లక్ష్ముడు గోతులు తప్పిస్తూ పావుగంటలో చేర్చాడు. దారికి రెండువైపులా పొలాల్లో నాట్లకి ముందు దమ్ములు జోరుగా సాగుతున్నాయి. ఊళ్లో మనిషన్నవాడు కనపడలేదు.

వరండాలో నులకమంచం మీద ఉన్నాడు జగన్నాధం. అరవై దాటిన మనిషి, గట్టి ఒళ్లు. ఎడమకాలు మోకాలి కింద వంకరపోయింది. అది చూసి చంద్రమౌళి ఆశ్చర్యపోలేదు. మిగతాది చూసి ఆగిపోయాడు. పెద్దాయన తల తడిగా ఉంది, పాపిడి తీసి దువ్వారు. ఒంటి మీద తెల్లటి పంచె, మడత నలగని ఇస్త్రీ చొక్కా. పెళ్లిచూపులకి బయల్దేరిన మనిషిలా ఉన్నాడు.

"స్నానం చేయించారా?" అన్నాడు.

"మరేటి బావూ, ఆ ఒంటితో టౌనుకి ఎలగ అంపుతాం? పదిమందీ సూస్తారు కదా," అంది పెద్దాయన భార్య జగ్గమ్మ.

కాలు విరిగిన మనిషిని అటూ ఇటూ దొర్లించి, నీళ్లు పోసి, బట్టలు మార్చి అప్పుడు తీరిగ్గా ఫోన్ చేశారన్నమాట. చంద్రమౌళికి ఒళ్లు మండింది. దెబ్బ తిన్న మనిషిని కడిగారంటే ఆ ఇంట్లో కడుక్కోవలసిందేదో ఉందని అతని లెక్క.

మంచం పక్కన కూర్చుని తల నుంచి మొదలుపెట్టాడు. పుర్రె, మెడ, భుజాలు, పక్కటెముకలు. ఒక్కోచోటా వేళ్లతో నొక్కుతూ నొప్పుందా అని అడుగుతున్నాడు. అడిగింది పెద్దాయన్ని. జవాబు చెప్పేది మాత్రం కొడుకు మోహనకృష్ణ.

"నేదు బావూ, కాలే. కుప్ప మీంచి పడిపోనాడు, అంతే."

"నిన్నడగలేదు. పెద్దాయనా, మీరు చెప్పండి."

"కుప్ప మీంచి పడిపోనాను, అంతే," అన్నాడు జగన్నాధం. తండ్రీకొడుకులిద్దరూ అక్షరం పొల్లు పోకుండా ఒకే పాఠం అప్పజెప్పారు.

చెవి వెనక చెయ్యి పెట్టేసరికి వేలికి నల్లటి బురద అంటింది. దమ్ముపట్టిన మడిలో ఉండే మెత్తటి బురద. కుప్ప వేసింది వాకిట్లో. వాకిట్లో పోసింది ఎర్ర గ్రావెల్. చంద్రమౌళి వేలు తుడుచుకున్నాడు. బొడ్డు కింద నొక్కినప్పుడు పెద్దాయన పెదవి కొరుక్కున్నాడు.

"ఇక్కడ?"

"ఏటీ నేదు."

నాడి నూట పద్దెనిమిది కొడుతోంది. బీపీ వంద మీద డెబ్బై. నుదుటి మీద చల్లటి చెమట. విరిగిన కాలు కూడా నాడిని పరుగెత్తిస్తుంది, నిజమే. కానీ ఈ చెమట కాలిది కాదేమోనని అనుమానం తగులుకుంది. ఆ వెంటనే ఇంకో పెద్ద అనుమానం పుట్టి మొదటిదాన్ని పక్కకి నెట్టేసింది. కొడుకు కొట్టాడు. గట్టు దగ్గరో మడిలోనో మాటామాటా పెరిగి కర్రతో కొట్టాడు. బురద కడిగేసి కథ అల్లారు. లేకపోతే వీడు ఒక్క నిమిషం నోరు మూసుకోడెందుకు?

కాలికి చెక్కబద్దలు కట్టి, స్ట్రెచర్ మీదకి ఎక్కించాక మోహనకృష్ణ కూడా బండెక్కబోయాడు. చంద్రమౌళి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్కళ్లే ఎక్కాలి. ఆ అమ్మాయి వస్తుంది."

ఆ అమ్మాయి కోడలు యమున. పాతికేళ్లుంటాయి. అందాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆమె జడ కూడా తడిగానే ఉంది.

"అది ఎందుకు బావూ, నాను వస్తాను కదా," అన్నాడు మోహనకృష్ణ కంగారుగా. ఆ కంగారుతో చంద్రమౌళి అనుమానానికి ముద్ర పడిపోయింది. కొడుకూ తల్లీ మోటార్‌సైకిల్ మీద వెనకాల బయల్దేరారు.

బండి కదిలాక ఆక్సిజన్ మాస్కు పెట్టి, సెలైన్ ఎక్కించి, యమున వైపు తిరిగాడు. ఆమె పట్టీల్లో నల్లబురద ఎండిపోయి ఉంది. ఆమె పెదవులు ఏదో చెప్పబోతున్నట్టు కదిలాయి. ఓ క్షణం ఆగితే ఏమైనా వినేవాడేమో. ఆగడం అతనికి చేతకాదు.

"నిజం చెప్పు. నీ మొగుడు కొట్టాడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"చూడమ్మా, ఆసుపత్రికి వెళ్లగానే పోలీసులొస్తారు. అబద్ధాలాడితే నీ మీద కూడా కేసవుతుంది."

అంతే, ఆ పెదవులు బిగుసుకుపోయాయి. తలుపేసి గడియ పెట్టినట్టు మొహం మూసేసుకుంది. మంచి దెబ్బే కొట్టానని చంద్రమౌళి అప్పుడనుకున్నాడు. తరవాత చాలా రోజులు ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా తన నోరు తనే కొట్టుకోవాలనిపించేది.

మళ్లీ బీపీ చూశాడు. తొంభై మీద అరవై. నాడి నూట ముప్ఫై. పెద్దాయన కళ్లు మూతలు పడుతున్నాయి. చంద్రమౌళికి ఒక్కసారిగా భయం వేసింది. అడగవలసిన ప్రశ్న వదిలేసి వేరే ప్రశ్న అడుగుతూ కూర్చున్నానని తెలిసింది. ఎవరు కొట్టారన్నది పోలీసులు చూసుకుంటారు. ఏ బరువు ఎక్కడ పడింది, రక్తం ఎక్కడ పోతోంది, అతనికి కావలసింది అది.

అంబులెన్సు కాల్ సెంటర్లో ఉండే సలహా డాక్టరుకి ఫోన్ చేశాడు. ఏం జరిగిందని ఆవిడ అడిగింది. గడ్డికుప్ప మీంచి పడ్డాడంటున్నారని చెప్పాడు.

"ఎంత ఎత్తు?"

"ఐదడుగులుంటుంది మేడం. కానీ నాకు అనుమానంగా ఉంది. విజయనగరం తీసుకెళ్లిపోనా?"

"అనుమానం మీద నలభై నిమిషాలు తిప్పుతారా? బీపీ పడిపోతోందంటున్నారు. దగ్గర ఆసుపత్రికి తీసుకెళ్లండి."

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. కాలు విరిగిన మనిషికి గజపతినగరం చాలు, పది నిమిషాల్లో చేరిపోవచ్చు. కానీ నడుం ఎముక చితికి లోపల రక్తం పోతూంటే మాత్రం విజయనగరమే దిక్కు. అక్కడ ఆపరేషన్ చేసే డాక్టరూ రక్తమూ ఉంటాయి. అదైనా ముందే చెప్తేనే సిద్ధంగా ఉంటారు. రెంటిలో ఏది తప్పినా దారిలోనే పోతాడు. లక్ష్ముడు ముందు నుంచి కేకేశాడు.

"మౌళిబాబూ, హైవే వచ్చీసినాది. ఎటు తిప్పమంటావు?"

"ఆపు. ఒక్క నిమిషం."

బండి జంక్షన్లో ఆగింది. చంద్రమౌళి పెద్దాయన మొహం చూశాడు. మూతలు పడుతున్న కళ్లని బలవంతాన తెరిచి కోడల్నే చూస్తున్నాడు. కొట్టిన కొడుకు వెనక బండి మీద వస్తూంటే, ఈయన ఈ పిల్లకి కాపలా కాస్తాడేమిటి? ఆ చూపులో కోపం లేదు, భయం లేదు. బతిమాలుతున్న చూపు అది.

చంద్రమౌళి గొంతు తగ్గించాడు. ఎన్నాళ్ల నుంచో వాడని గొంతు, అతనికే కొత్తగా వినపడింది.

"యమునా, ఎవరు చేశారో నాకొద్దు. రాయను, అడగను. ఆయన మీద ఏం పడిందో చెప్పు చాలు. అది తెలీకపోతే ఎటు తీసుకెళ్లాలో నాకు తెలీదు. తప్పు దారి పట్టామంటే మీ మావగారు దక్కరు."

ఆమె ఒక్కసారిగా భోరుమంది. "సెప్పకూడదు బావూ. మావ తల మీద సెయ్యెట్టి ఒట్టేసినాను. సెప్తే మావ సచ్చిపోతాడు."

ఇంకో రోజైతే చంద్రమౌళి నవ్వేవాడు. ఈ కాలం పిల్లవి, ఒట్టేమిటి, చావడమేమిటి అని ఓ ఉపన్యాసం ఇచ్చేవాడు. కానీ తన నాన్న వెంకటరావు, కొడుకు మీద ఒట్టేసి చుట్ట మానేసిన మనిషి, ముప్ఫయ్యేళ్లయినా మళ్లీ చుట్ట ముట్టలేదు. ఆ ఒట్టు ఎవరి తల మీద ఉందో చంద్రమౌళికి బాగా తెలుసు. ఈ పిల్లకి రెండువైపులా నుయ్యే. చెప్తే తన మాటతో మావ పోతాడని భయం, చెప్పకపోతే కళ్లెదుటే పోతున్నాడు.

"ఏమని వేశావు ఒట్టు?"

"ఆ మాట నోట రానీనని."

"అయితే నోట రానీకు. చేత్తో చూపించు."

ఆమె మావ వంక చూసింది. జగన్నాధం మాస్కులోంచి ఏదో గొణిగాడు. చంద్రమౌళి వంగి విన్నాడు.

"ఒద్దే యమునా. నీ ఉజ్జోగం పోతాది."

యమున చీరకొంగుతో మొహం తుడుచుకుంది. కుడిచెయ్యి చాచి, అరచెయ్యి తెరిచి, పెద్దాయన ఎడమ తొంటి మీద ఆనీ ఆననట్టు పెట్టింది. అక్కణ్నించి నెమ్మదిగా పొత్తికడుపు మీదుగా కుడిపక్కకి జరిపింది. చెయ్యి దారి తప్పలేదు. అంత వెడల్పున పోయేది కర్ర కాదు, దమ్ము మడిలో తిరిగే ట్రాక్టర్ చక్రం. తరవాత, ఎవరూ అడక్కుండానే, రెండు చేతులూ గాల్లో స్టీరింగు తిప్పినట్టు తిప్పి, ఆ చేతుల్ని తన గుండెకి ఆనించుకుంది.

చంద్రమౌళి చూపించమన్నది మొదటిదే. రెండోది, తోలింది తనేనన్నది, ఆమె దాచుకోలేక ఇచ్చేసింది.

"కుడికి తిప్పు లక్ష్ముడూ. విజయనగరం."

దుప్పటి మడిచి నడుం చుట్టూ బిగించి కట్టాడు, చితికిన ఎముకలు కదిలి ఇంకా రక్తం పోకుండా. ఈసారి డాక్టరుకి ఫోన్ చేసినప్పుడు అనుమానమన్న మాట ఎత్తలేదు. ట్రాక్టర్ చక్రం, ఎడమ తొంటి నుంచి కుడికి, మెత్తటి బురదలో, అన్నాడు. ఆవిడ రెండో ప్రశ్న వెయ్యలేదు. వీళ్లు చేరేసరికి ఆపరేషన్ గది తెరిచి ఉంది, రక్తం సిద్ధంగా ఉంది.

మిగతాది ఆసుపత్రి వరండాలో మోహనకృష్ణ చెప్పాడు. ఇందాకటి నోటి దూకుడంతా ఎటు పోయిందో, నేల చూస్తూ చెప్పాడు. యమునకి కానిస్టేబుల్ ఉద్యోగం దాదాపు వచ్చినట్టే. పరుగు నెగ్గింది, పరీక్ష నెగ్గింది, వచ్చే వారం కాగితాలు చూపించాలి. ట్రాక్టర్ తోలడం మావే నేర్పాడు, లైసెన్సు లేదు. దమ్ము అయ్యాక గట్టు పక్కన ఆయన కాలు జారి ట్రాక్టర్ ముందు పడ్డాడు, ఆ పడడంలోనే కాలు విరిగింది. ఆమె బ్రేకు తొక్కేలోగా చక్రం ఎక్కి దిగిపోయింది. కింద ఉన్నది బురద కాబట్టి ఆయన ఊపిరితో లేచాడు. కేసు పడితే కోడలి ఉద్యోగం పోతుందని, బురదలో పడుకునే ముగ్గురి చేతులూ తన తల మీద పెట్టించుకున్నాడు.

"అమ్మ స్నానం సేయించింది దేనికీ కాదు బావూ," అన్నాడు. "మా ఇంట్లోంచి బురదకాళ్లతో ఎవరం టౌనుకి రాం. అమ్మకి అదే తెలుసు."

చంద్రమౌళి తల ఊపాడు. ఆ కడుగుడు మీద ఎంత కథ కట్టాడో, ఈ కుర్రాణ్ని ఎన్ని మాటలు మనసులో అన్నాడో తల్చుకుని సిగ్గుపడ్డాడు. తన కాగితంలో దెబ్బ ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు రాశాడు. ఎవరు చెప్పారన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. పరీక్షలో తెలిసింది, అని రాశాడు. ఎనిమిదేళ్లలో అతను రాసిన మొదటి అబద్ధం అది.

ఆరున్నరకి ఆపరేషన్ చేసిన డాక్టరు బయటికొచ్చాడు. రక్తం ఆగిందన్నాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే చెయ్యడానికేం ఉండేది కాదన్నాడు. ఈ రెండ్రోజులూ గడవాలి, అప్పటిదాకా ఏమీ చెప్పలేనన్నాడు. జగ్గమ్మ అక్కడే గోడకి చేరగిలబడి దణ్నం పెట్టింది.

లక్ష్ముడు హారన్ కొడుతున్నాడు, ఇంకో పిలుపు వచ్చినట్టుంది. చంద్రమౌళి మెట్లు దిగబోతూంటే యమున వెనకాలే వచ్చింది.

"బావూ," అంది. "నాను నోటితో సెప్పనేదు కదా?"

"లేదమ్మా. నీ నోట ఒక్క మాటా రాలేదు. నేను పక్కనే ఉన్నాను కదా."

"నిజంగానే?"

"నిజంగా."

ఆమె కదల్లేదు. ఇతని మాట నమ్మొచ్చా నమ్మకూడదా అని, అతని మొహంలోకి చాలాసేపు చూస్తూ నిలబడింది.