గుడ్డకు పట్టని ఎరుపు

గుడ్డలకు రంగులు వేసే షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి బీట్‌రూట్ అంటే గౌరవం ఉండదు. కోసినప్పుడు దాని ఆర్భాటం చూడాలి. కత్తి, పీట, చేతులు, చీర కొంగు, అన్నీ ఎర్రన. అదే రసంలో తెల్లగుడ్డ ముంచి ఎండలో ఆరేస్తే వారం తిరక్కుండా వెలిసిపోతుంది. మాట మీద నిలబడని వాళ్లకు మా షెడ్డులో బీట్‌రూట్ అనే పేరు. అలాంటి దుంపని మా మరిది తెచ్చి నెత్తిన పెట్టుకున్నాడు.

మరిది అంటే మా చెల్లెలి మొగుడు. అందరూ లెక్చరర్ అంటారు. పాఠాలు చెప్పే ఉద్యోగమేమీ కాదు, బస్సు టికెట్లు బుక్ చేసే ఆఫీసులో గుమస్తా. టైమెంతయిందని అడిగితే గడియారం ఎలా పుట్టిందో చెప్పే రకం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ ఇంట్లో వినే మనిషి మా చెల్లి ఒక్కతే.

చెల్లికి గర్భసంచిలో గడ్డ. నెలలో పదిరోజులు రక్తం పోతూనే ఉంటుంది. ఆపరేషన్ చేయాలి, కానీ హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గర కూర్చుంది. పదికి తెచ్చుకుంటేనే చేస్తానని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పి, ఏడువారాల తర్వాత తేదీ ఇచ్చి, పూటకొకటి చొప్పున రోజుకు రెండు ఐరన్ మాత్రలు రాసింది. అవి వేసుకుంటే చెల్లికి కడుపులో తిప్పేది. మింగలేక కక్కలేక రెండు వారాలు నెట్టుకొచ్చింది.

సరిగ్గా అప్పుడే లెక్చరర్‌కి జ్ఞానోదయమైంది. ఫోన్లో ఏం చదివాడో, ఏం విన్నాడో, బీట్‌రూట్‌కి ఆ ఎరుపు బీటానిన్ అనే పదార్థం వల్ల వస్తుందట, అది ఒంట్లో వాపుల్ని తగ్గిస్తుందట, కణాలు పాడవకుండా కాస్తుందట, ఎలుకల మీద చూశారట. ఎలుకలకు గర్భసంచిలో గడ్డ ఉందా అని అడిగాను. ఎర్రటి దుంప కనక ఎర్రటి రక్తాన్ని పుట్టిస్తుందని మాత్రం ఎవరూ చెప్పకుండానే ఆయనకు ఆయనే తేల్చుకున్నాడు. అలా అయితే వంకాయ తిన్నవాళ్లంతా ఊదారంగుకు తిరగాలి.

రోజూ పొద్దున్నే లేచి తనే రసం తీసి గ్లాసు చేతికిచ్చేవాడు. ఆ మాట ఒప్పుకోవాలి, మనిషి బద్ధకస్తుడు కాదు. నాలుగో రోజు నాకు ఫోన్ చేసి, మూత్రం కూడా ఎర్రగా వస్తోంది వదినగారూ, మందు ఒంటికి పట్టిందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"గుడ్డ ఉతికిన నీళ్లు ఎర్రగా వస్తున్నాయంటే రంగు పట్టిందని కాదు మరిదిగారూ, పట్టలేదని" అన్నాను.

దానికి అలిగి ఫోన్ పెట్టేశాడు. మూడోరోజు ఆయన ఇంటి హాల్లో అట్టపెట్టెలు దిగాయి. బీట్‌రూట్ పొడి డబ్బాలు. లెక్చరర్‌గారు ఏజెంటయ్యారు. రసంలో నీరెక్కువట, పొడిలో రంగంతా చిక్కగా ఉంటుందట. మాత్రలకు బదులుగా చెల్లి చేత పూటకొక చెంచా తాగించి తనూ తాగేవాడు. నాకు భయపడి చెల్లి రోజుకొక మాత్ర ఆయన చాటున వేసుకుంటూనే ఉంది. ఆ సంగతి నాకు చెప్పింది కూడా. ఒకటి కాదు, రెండూ వేసుకోవాలని అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. నా బుర్ర మాత్రం డబ్బా మీదే ఉంది.

మూత తీసి చూశాను. ఆ పొడి మరీ మెరిసిపోతోంది. దుంపని ఎండబెట్టి పొడి చేస్తే అంత మెరుపు ఉండదని నా కన్ను చెప్పింది. ఇందులో ఫ్యాక్టరీ రంగు కలిపారు, మీ చెవిలో పువ్వు పెట్టారు అన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. సరే, గుడ్డ చెబుతుంది, అప్పుడు ఒప్పుకుంటారా అన్నాను. ఒప్పుకుంటానన్నాడు. చెల్లి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

మా షెడ్డులో ఏ కొత్త రంగుకైనా ఇదే పరీక్ష. తెల్లటి నూలుగుడ్డ ముక్క ఆ పొడి నీళ్లలో నానబెట్టి ఆరేశాను. సగానికి అట్ట కప్పి, మిగతా సగం ఎండ తగిలేలా కిటికీకి కట్టాను. ఫ్యాక్టరీ రంగయితే రెండు సగాలూ ఒకేలా ఉంటాయి. అసలు బీట్‌రూటయితే ఎండ తగిలిన సగం చచ్చిపోతుంది. ఎనిమిది రోజులు ఆగాలి. ఆ ఎనిమిది రోజులూ ఆయన్ని ఏ మాటలతో దులపాలో వరస పెట్టుకుంటూ హాయిగా పనిచేసుకున్నాను. పందెం గెలిచేశానన్న ధీమా.

ఎనిమిదోరోజు ఇద్దర్నీ షెడ్డుకి పిలిచి అట్ట తీశాను. కప్పిన సగం గులాబీ. ఎండ తగిలిన సగం పాత గోనెసంచి రంగు.

పొడి అసలుదే. కల్తీ లేదు. తవ్వుకున్న గోతిలో నేనే పడ్డాను.

లెక్చరర్ నన్ను నాలుగు మాటలన్నా బాగుండేది. ఫోన్ తీసి ఆ గుడ్డని నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసుకున్నాడు. మర్నాటికల్లా ఆ ఫొటో తనకు తెలిసిన వాళ్లందరికీ పంపాడు. ముప్పై ఏళ్ల అనుభవం గల రంగుల నిపుణురాలు స్వయంగా పరీక్షించి నిర్ధారించారని రాసి, కింద నా ఫోన్ నంబరు పెట్టాడు. పొద్దుట నుంచీ ఫోన్లే ఫోన్లు. మా షెడ్డులో పిల్లలు నన్ను బీట్‌రూట్ మేడం అని పిలవడం మొదలెట్టారు. నేను సిగ్గుతో వాళ్లింటి వైపు వెళ్లడమే మానేశాను. రెండు వారాలు వెళ్లలేదు. రంగు అసలుదయినంత మాత్రాన అది రక్తం కాదని ఆ రెండు వారాల్లో ఒక్కసారి ఫోన్ చేసి చెప్పినా సరిపోయేది. ఓడిపోయిన నోరు, లేవలేదు.

ఆపరేషన్‌కి మూడురోజుల ముందు రక్తపరీక్షకు చెల్లి ఒక్కతే వెళ్లింది. మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి మరిది ఫోన్. ఉపోద్ఘాతం లేకుండా ఒక్క వాక్యంలో రమ్మన్నాడు. ఆయన అంత చిన్న మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తాను.

చెల్లి పరీక్ష గదిలో కళ్లు తిరిగి పడిపోతే ఆస్పత్రివాళ్లు మరిదిని పిలిపించారట. హిమోగ్లోబిన్ ఆరున్నర. ఆపరేషన్ తేదీ కొట్టేశారు. ముందు రక్తం ఎక్కించాలన్నారు. మరిది చెప్పినదంతా డాక్టరమ్మ ఓపికగా విని, బీట్‌రూట్ మంచిదే, అన్నంతో పాటు తినండి, మాత్రకి బదులుగా కాదు అంది. ఆయన తలొంచుకుని నిలబడ్డాడు. ఆ తలని నేనింకేం దులుపుతాను?

నర్సు ఇరవై ఏళ్ల పిల్ల. చెల్లి కంటి కింది రెప్పని బొటనవేలితో కిందికి లాగి నాకు చూపించింది.

"ఇంత తెల్లబడేదాకా ఇంట్లో ఎవరూ చూడలేదా అమ్మా?" అంది.

చూశాను. రెప్ప లోపల ఎరుపన్నదే లేదు. రంగు వేయని కోరాగుడ్డలా ఉంది. షెడ్డుకి ఈ చివర నిలబడి ఆ చివరి తొట్టిలో ఎరుపు అర వీసం తగ్గినా కనిపెట్టే దాన్ని నేను. నలభై రకాల ఎరుపులకు పేర్లు చెప్పగలను. కిటికీలో గుడ్డని ఎనిమిది రోజులు పూటపూటా చూశాను. ఆ అట్ట తీసినరోజు చెల్లి నా పక్కనే నిలబడి ఉంది, దాని మొహం వైపు నా చూపే తిరగలేదు. లెక్చరర్ని తెలివితక్కువవాడని ఊరంతా చాటాను. ఆయనది తెలియనితనం. నాది పొగరు.

మాత్రలు ఎప్పుడు మానేశావని మెల్లిగా అడిగాను.

"నువ్వు పరీక్ష చేశావుగా అక్కా" అంది చెల్లి. "అసలుదని నువ్వే తేల్చాక ఇంక మాత్రలెందుకనుకున్నాను. ఆయన చెబితే సగమే నమ్మేదాన్ని. నువ్వు చెబితే వేరు కదా."

అందులో నిష్ఠూరం కూడా లేదు. దానికి చిన్నప్పటి నుంచీ నేను చెప్పిందే వేదం. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. మరిది బయటికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇద్దరికీ ఇచ్చాడు. ఆ నీళ్ల గురించి ఏమీ చెప్పలేదు.

రక్తం సంచి వేలాడదీశారు. గొట్టంలోంచి బొట్టుబొట్టుగా దిగుతోంది. అప్పుడు నా ఫోన్ మోగింది. ఎవరో పెద్దావిడ. గుడ్డ పరీక్ష చేసిన మేడం మీరేనా అని అడిగింది. వాళ్లమ్మాయికి రక్తం తక్కువట, పొడి నిజంగా అసలుదేనా అని.

"రంగు అసలుదేనమ్మా" అన్నాను. "కానీ అది రంగు. రక్తం కాదు. మీ అమ్మాయి కంటి కింది రెప్ప లాగి చూసి, ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి."

ఆవిడ కంగారుపడి, లోపల ఏ రంగు ఉండాలమ్మా, ఎలా ఉంటే భయపడాలి అని అడిగింది. నలభై ఎరుపుల్లో ఒక్కదాని పేరూ నా నోటికి రాలేదు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి, వంగి చెల్లి రెప్ప మెల్లిగా కిందికి లాగి చూశాను. చూసి, ఇలా మాత్రం ఉండకూడదని చెప్పాను.