పేషెంటు వేషం

మంచం దిగగానే పెద్దక్క కాళ్లు తిన్నగా చెప్పుల్లోకి వెళ్లాయి. పడుకునే ముందు వాటి ముందుభాగం గుమ్మం వైపు తిప్పి పెట్టడం ఆవిడ అలవాటు. కాన్పుల వార్డులో ఎప్పుడు ఎవరు కేకేస్తారో తెలియదు. చెప్పులు వెతుక్కునేదాకా బిడ్డ ఆగదు కదా!

వార్డులో అందరికీ ఆవిడ పెద్దక్కే. లావుపాటి మనిషి, ఉబ్బిన పాదాలు, సబ్బునీళ్లకు బిరుసెక్కిన చేతులు. ఆ చేతుల్లో పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు కాన్పుకు వస్తున్నారు. అంతకు మించి ఆవిడ గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

ఆ రోజు శిక్షణ తరగతి. నర్సులకు చదువు అయిపోవడమంటూ ఉండదు. కొన్నేళ్లకోసారి కొత్త పాఠాలు నేర్చుకుంటేనే రిజిస్ట్రేషను నిలుస్తుంది. పెద్దక్కకు ఈ ఒక్క తరగతే మిగిలింది. ఇది తప్పితే కాన్పుల గదిలోకి రానివ్వరు. నెల తిరిగేసరికి కూతురి కాన్పు.

“నువ్వు లేకపోతే నేను కననంతే అమ్మా,” అంది కూతురు ఫోనులో.

“నువ్వు కననంటే లోపలున్నది ఊరుకుంటుందా? వస్తాలేవే. ఇవాళ్టితో ఈ చదువు పీడా వదులుతుంది.”

అంటూనే ఎడమ భుజం నొక్కుకుంది. తెల్లవారినప్పటి నుంచీ లాగేస్తోంది, దవడ కూడా. ఆ మాట వార్డులో ఎవరైనా అని ఉంటే కదలనిచ్చేది కాదు, అప్పటికప్పుడు ఈసీజీ తీయించేది. తన ఒళ్లు కాబట్టి తప్పు తలగడ మీదికి నెట్టేసింది.

“ఇవాళ్టి పాఠం కాన్పయ్యాక రక్తస్రావం. పేషెంటు వేషం ఎవరు వేస్తారు?” అని తరగతిలో అడిగింది శిక్షకురాలు.

“పెద్దక్కే!” అన్నారు నర్సులంతా.

“పడుకోబెట్టి జీతమిచ్చేది ఇక్కడొక్కచోటే. వదులుకుంటానా?” అంటూ పెద్దక్క చెప్పులు విడిచి మంచమెక్కింది. కిందటిసారి చచ్చినట్టు పడుకుని, అందరూ నిజంగా కంగారుపడ్డాక కన్నుగీటిన ఘనురాలు మరి.

ఆవిడ గుండెల మీద గుడ్డబొమ్మను పెట్టారు. కాళ్ల దగ్గర రంగునీళ్ల సంచి. స్పృహ తప్పిన పేషెంటు ఎవరు పిలిచినా పలకకూడదన్నది నియమం.

ఎర్రనీళ్లు దుప్పటి మీద పరుచుకున్నాయి. ఒకరు సాయానికి కేకేశారు, ఒకరు సెలైను పట్టుకున్నారు, ఒకరు పొత్తికడుపు మర్దన చేస్తున్నట్టు చేతులాడించారు. అందరి కళ్లూ ఆ ఎర్రనీళ్ల మీదే. తల దగ్గర నిలబడ్డది, పెద్దక్క చేతికింద పని నేర్చుకున్న పొట్టి నర్సు.

“అక్కా, వినపడుతోందా?”

పలకలేదు.

“చెమట కూడా తెప్పించింది చూడండి మేడమ్!”

అందరూ నవ్వారు. “భలే చేస్తున్నారు. ఊఁ, నాడి?” అంది శిక్షకురాలు.

పొట్టి నర్సు మణికట్టు మీద వేళ్లు పెడుతూనే అప్పజెప్పేసింది. “నాడి వేగంగా, బలహీనంగా ఉంది మేడమ్.” పాఠంలో అలాగే ఉంది.

శిక్షకురాలు తలూపింది. పొట్టి నర్సు వేళ్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి. కాస్త జరిపి చూసింది. మళ్లీ జరిపింది. మెడ దగ్గర పెట్టింది.

“అక్కా, అయిపోయింది, లే.” తర్వాత భుజాలు పట్టి కుదిపింది. “పెద్దక్కా! నవ్వులాట కాదు, లే!”

ఎంత ఘోరం! గది నిండా ప్రాణం నిలబెట్టడం నేర్చినవాళ్లే. ఒక్కరూ ఆవిడ మొహం చూడలేదు. ఇప్పుడు అంతా మీదపడ్డారు. బొమ్మ దొర్లి ఎర్రనీళ్లలో పడింది. ఒకరి చేతులు పడిపోతే ఇంకొకరు గుండె మీద నొక్కారు, నొక్కుతూనే ఉన్నారు. చివరికి డాక్టరు వచ్చి పొట్టి నర్సు చేతులు పట్టుకుని పక్కకు తీశాడు. అప్పటికీ ఆమె పెద్దక్క కనురెప్పల వంకే చూస్తోంది, గీటుతుందేమోనని.

పెద్దక్కను స్ట్రెచరు మీద తీసుకెళ్లిపోయారు.

“కూతురికి ఎవరు చెబుతారు?” అంది శిక్షకురాలు, గోడకు ఆనుకుని.

నర్సులు ఒకరి వెనక్కి ఒకరు జరిగారు. ఇలాంటి కబురు అయినవాళ్లకు ఎలా చెప్పాలన్నది కిందటి తరగతిలోనే నేర్చుకున్నారు. అందరూ పాసయ్యారు కూడా.

ఖాళీ మంచం కింద, ముందుభాగం గుమ్మం వైపు తిప్పి, పెద్దక్క చెప్పులు ఉన్నాయి.