తుమ్ముకు లొంగని చిప్

నేను ఒక చిప్‌ని. చిప్ప అనుకునేరు, అది వేరు. అది చేతికొచ్చిందంటే మనిషి పని అయిపోయినట్టే. నూనెలో వేగి ఉప్పూ కారం చల్లించుకునే జాతీ కాదు నాది. నల్లటి ప్లాస్టిక్ తొడుగులో దాక్కున్న కందిపలుకంత దాన్ని. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టడం నా ఉద్యోగం.

నవ్వకండి. "ఎన్నొచ్చాయి?" అన్న ప్రశ్నకి ఏ ఇంట్లోనూ ఇద్దరు ఒకే జవాబు చెప్పరు. వండే మనిషి మూడంటుంది. పేపరు చదివే మనిషి "ఇంకా ఒకటేగా" అంటాడు. ఈలోగా పప్పు అడుగంటుతుంది. ఈ గొడవ తీర్చడానికే విశాఖపట్నం ఆటోనగర్‌లో, ఒక రేకుల షెడ్డులో కూర్చుని హైమ నా లోపలి దారులన్నీ గీసింది. పన్నెండేళ్లు చిప్‌ల కంపెనీలో పనిచేసి, అది మానేసి సొంతంగా మొదలుపెట్టిన మనిషి.

విజిల్‌ని గుర్తుపట్టడం పెద్ద విద్య కాదు. పక్కింటి కుక్కర్, పాలబండి హారన్, టీవీ సీరియల్లో ఎవరో ఉలిక్కిపడ్డప్పుడు వచ్చే మోత, ఇవేవీ మన విజిల్ కాదని తెలుసుకోవడమే విద్య. వీటన్నిటిలోకీ మొండిఘటం మగవాళ్ల తుమ్ము. దానికోసమే హైమ నాలో ఒక చిన్న గది కట్టింది. తుమ్ము అందులోకి వెళుతుంది, మళ్లీ బయటికి రాదు. ఆ గదికే ఆర్నెల్లు పట్టింది.

అంత కష్టపడ్డాక హైమకి భయం పట్టుకుంది. చిప్‌ని యాసిడ్‌తో తడిపి, తొడుగు కరిగించి, పొర తర్వాత పొర ఫొటోలు తీస్తే ఎవరైనా అలాంటిదే చేసుకోవచ్చు. ఉపాయం అత్తగారు కామేశ్వరమ్మ దగ్గర దొరికింది. కందిపొడి ఎలా చేశారని ఎవరడిగినా ఆవిడ లేదనకుండా చెబుతుంది. పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, అన్నీ నిజమే. చివర్లో మాత్రం "రెండు లవంగాలు మరిచిపోకమ్మా" అంటుంది. ఆవిడ జన్మలో కందిపొడిలో లవంగం వేసి ఎరగదు. ఏ ఇంట్లో కందిపొడి లవంగం వాసన కొట్టినా "మన శిష్యురాలే" అని తృప్తిగా ఇంకో ముద్ద కలుపుకుంటుంది.

హైమ నా తుమ్ముల గదిలో ఒక లవంగం వేసింది. అక్కడ రెండు తీగలు కలిసినట్టే కనబడతాయి, కలవవు. ఏ కెమెరాకీ చిక్కనంత సన్నటి సందు. చూసినవాడు కలిపి గీసుకుంటాడు. కలిపాడా, తుమ్ము తిన్నగా లెక్కలోకి వచ్చేస్తుంది, అదీ ఒక్కటి రెండుగా.

దేశం కాని దేశంలో, ముక్కూ మూతీ కప్పుకున్న మనుషుల చేతుల్లో పుట్టి, ఆటోనగర్ చేరి, డబ్బాలో మెషిన్‌గా తయారయ్యాను. నాతో కలిపి పది మెషిన్లు ఒకేసారి గోవర్ధనం అనే పెద్దమనిషికి అమ్ముడయ్యాయి. ఆయనింట్లో ఎన్ని కుక్కర్లున్నాయో అని మురిసిపోయాం. తీరా చూస్తే అక్కడ పొయ్యే లేదు, యాసిడ్ సీసా ఉంది. తొమ్మిదిమంది పొరలు పొరలుగా ఊడిపోయారు. నాకు సగం తొడుగు కరిగించి, మైక్రోస్కోప్ కింద నిలబెట్టి ఫొటోలు తీశారు. నా పెళ్లికి కూడా అన్ని తీయరు. బతికి బయటపడ్డానని మళ్లీ డబ్బాలో పెట్టారు.

ఏడాది తిరక్కుండా గోవర్ధనం మెషిన్ బజార్లోకి వచ్చింది, బంగారురంగు డబ్బాలో. పైగా హైమే తనని కాపీ కొట్టిందని ఊరంతా చెప్పాడు. ఆ మాట పూర్ణా మార్కెట్లో వంటసామాను హోల్‌సేల్ చేసే పైడిరాజు గారి దాకా వెళ్లింది. మూడు జిల్లాల కొట్లకి ఆయనే సరుకు పంపుతాడు. అసలు సరుకు ఎవరిదో తేలితే ఆర్డరు వాళ్లకే అన్నాడు. అది రాకపోతే హైమ షెడ్డుకి తాళం పెట్టి పాత కంపెనీ మెట్లెక్కాలి.

బుధవారం పొద్దున్న ఇద్దర్నీ కొట్టు పైగదికి పిలిచాడు. పన్నెండు దాటితే రాహుకాలం. గోవర్ధనం తన మెషిన్‌తోపాటు, హైమ చేసిన కాపీకి సాక్ష్యంగా నన్నూ తెచ్చాడు. హైమ పొంగలికి కుక్కర్ పెట్టింది. మూడు విజిల్స్ వచ్చాయి. ఇద్దరం మూడే చూపించాం.

"రెండూ ఒకలాగే ఉన్నాయి కదేటి?" అన్నాడు పైడిరాజు.

"ఎందుకుండవండీ? నాది చూసి చేసీసేరు కదా! లోపల కూడా అచ్చు జిరాక్సే," అన్నాడు గోవర్ధనం.

"మా దాని లోపల ఎలా ఉంటుందో మీకెలా తెలిసిందండీ?" అంది హైమ.

"అనుభవం!"

పైడిరాజు గడియారం చూశాడు. "ముందెవరు గీసేరో దేవుడికెరుక. బంగారురంగు డబ్బా చూడ్డానికి బాగుంది. టైమైపోతంది, సంతకం పెట్టీస్తాను." పెన్ను మూత తీశాడు.

హైమ మా ఇద్దరి అంకెలూ సున్నాకి తిప్పింది. "ఒక్క నిమిషం బాబుగారూ. దయచేసి ఒకసారి తుమ్ముతారా?"

"ఏటమ్మా! సంతకం పెడతంటే తుమ్మమంటావా? పగోళ్లు కూడా అలగనరు!"

"పోనీ పొంగలైనా రుచి చూడండి," అని హైమ మిరియాలపొడి పొట్లం విప్పింది. టేబుల్ ఫ్యాన్ ముందు విప్పింది. చాలాసేపు విప్పింది.

పైడిరాజు ముక్కు ఎగబీల్చాడు, పెదవి బిగించాడు, పైకప్పు చూశాడు. లాభం లేకపోయింది. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

బంగారురంగు డబ్బా మీద రెండు అంకె వెలిగింది. నా మీద సున్నా.

ఆయన ఆ అంకెలేవీ చూడలేదు. పెన్ను మూత పెట్టేశాడు. "ఒంటితుమ్ము. అయిపోనాది. ఇవాళ సంతకం లేదు."

గోవర్ధనానికి ప్రాణం పోయినంత పనయింది. తన మెషిన్ ఎత్తి ఆయన మొహం ముందు పెట్టాడు. "ఒంటితుమ్మేటండీ బాబూ! రెండు! ఇదిగో చూడండి, మెషిన్ అబద్ధమాడదు. జంటతుమ్ము శుభం, పెట్టండి సంతకం!"



"గోవర్ధనం గారూ, విజిల్స్ లెక్కపెట్టే మెషిన్‌కి తుమ్ములతో పనేంటండీ?" అంది హైమ మెల్లగా. కాగితం మీద రెండు తీగలు గీసి, మధ్య సందు చూపించింది. "నా చిప్‌ని విప్పి, ఫొటో చూసి గీసుకున్నవాళ్లకి ఇది కలిసినట్టు కనబడుతుంది. వాళ్లకే ఒక్క తుమ్ము రెండవుతుంది. ఆయన గీసిందే అయితే, ఈ తుమ్మెందుకు లెక్కలో పడిందో చెప్పమనండి."

 గోవర్ధనం నన్ను అక్కడే వదిలేసి, బంగారురంగు డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

పైడిరాజు కాళ్లు కడుక్కున్నాడు, మంచినీళ్లు తాగాడు, తుమ్ము దోషం పోవడానికి ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పన్నెండుకి ఇంకా ఆరు నిమిషాలుండగా హైమ కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే మిరియాలు హైమ ముక్కులోకి చేరాయి.

ఆవిడ ఊపిరి బిగబట్టింది. పైడిరాజు గారు ఇంటిపేరుతో సహా, ఒత్తులు దిద్దుకుంటూ, మూడు కాగితాల మీద పెట్టాడు సంతకం. హైమ మొహం ఎర్రబడింది, కళ్లల్లోంచి నీళ్లు కారాయి.

"ఎందుకమ్మా ఏడుపు? నీ ఆర్డరు నీకొచ్చీసింది కదా," అన్నాడాయన జాలిగా.

ఆవిడ తలూపింది, దండం పెట్టింది, కాగితాలూ నన్నూ ఒక్క దోసిట్లో పట్టుకుని మెట్లు దూకింది. చివరి మెట్టు మీద తుమ్ము ఇక ఆగలేదు. కింద వరసగా పేర్చిన స్టీలు గిన్నెలన్నీ గణగణమన్నాయి.

కొట్లో కుడికాలు పెట్టబోతున్న కొత్త గిరాకీ ఒకాయన ఆ కాలు వెనక్కి తీసుకుని, వెళ్లి ఎదురు కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. నేను మాత్రం లెక్కపెట్టలేదు.