మూలవాటు వరుసలు

అల్వాల్ పరిశోధనశాలలో హదస్సా డాక్టరేట్‌కు ఇంకో గంట గడువుంది. ఆమె ఫొటోలోని వరుసలు మైక్రోస్కోప్ వణికితే పడ్డ గీతలనీ, తెలిసే వాటిని ఫలితంగా రాసిందనీ ఫిర్యాదు. విచారణాధికారి దయాకర్ నాలుగింటికి సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కాలి. ఈలోపు తేల్చేస్తానన్నాడు.

చదరపు సిలికాన్ బిళ్ల మీద ఆమె జర్మేనియం పలచగా పరిచింది. ఆ పరమాణువులు పెద్దవి, కింది సిలికాన్‌లో వాటికి చోటు ఇరుకు. ఒత్తిడి ఓపలేక అవి దీవుల్లా పోగుపడతాయి. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఆ దీవులు మూల నుంచి మూలకు బారులు తీరడమే నేరమైంది.

హదస్సా చున్నీ పట్టి చూపించింది. దారం వెంబడి లాగితే బిగుసుకుంది, మూలవాటుగా లాగితే సాగింది. స్ఫటికం కూడా అన్ని దిక్కులా ఒకేలా గట్టిగా ఉండదనీ, మెత్తటి దిక్కునే దీవులు పక్కపక్కన లేస్తాయనీ చెప్పింది. చున్నీని సాక్ష్యంగా తీసుకోలేనన్నాడు దయాకర్.

మిగిలింది ఒకే పరీక్ష. బిళ్లను నలభై ఐదు డిగ్రీలు తిప్పాలి. దానితోపాటు వరుసలూ తిరిగితే అవి బిళ్లవి, తిరక్కపోతే యంత్రానివి.

హదస్సా బిళ్లను నలభై ఐదు డిగ్రీలు తిప్పి పెట్టి, వరండాలో ఫోన్ మాట్లాడుతున్న దయాకర్‌ను పిలుచుకొచ్చింది. మైక్రోస్కోప్ సూదిమొన బిళ్లను తడిమింది. తెర మీద వరుసలు మూల నుంచి మూలకే వచ్చాయి.

"కదల్లేదు కదమ్మా. డాక్టరేట్ రద్దని రాస్తున్న," అన్నాడు దయాకర్.

ఆమె మూత తెరిచింది. కింద ఉన్న పలక అంచుకు సమంగా, బిళ్ల ముచ్చటగా కూర్చుని ఉంది. అంత పొందిక ముప్పై ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న అటెండర్ తుకారాం ఒక్కడిదే. అతను తలుపు దగ్గరే ఉన్నాడు.

"అన్నా, దీన్ని ముట్టుకున్నవా?"

"వంకరగుంటే సీదా చేసిన మేడం. పెద్ద సార్ ముంగట మన ఇజ్జత్ పోదా?"

"నీ సీదాతోని నా డాక్టరేట్ పోతుందన్నా."

ఇద్దరూ ముందే అనుకున్నారా అని దయాకర్ అడిగాడు. జవాబు కోసం ఆగకుండా తానే బిళ్లను తిప్పి, మూత వేసి, తుకారాంను బయట కూర్చోమన్నాడు. హదస్సా ప్రార్థనలో నలభై ఐదు సంఖ్యను కూడా చేర్చింది.

పన్నెండు నిమిషాలకు ఫొటో పూర్తయింది. ఈసారి వరుసలు తెర అంచు వెంబడే నడిచాయి. అవి ఎంత తిరిగాయో దయాకర్ కోణమానిని ఆనించి రెండుసార్లు కొలిచాడు.

"నలభై నాలుగే వచ్చింది. ఒక డిగ్రీ ఎటు పోయిందమ్మా?"

"తిప్పింది మీరే కద సార్."

ఆయన ఫిర్యాదు కొట్టేసి సంతకం పెట్టాడు.