ఎనభై గ్రాముల నీలం

ఆ త్రాసు బంగారం కొట్లో ఉండాల్సింది, చిలకలగూడలో దర్జీ బల్ల మీద దానికేం పని అనుకుంటున్నాడు జాన్ సాహెబ్, భానుప్రియ మేడం మాత్రం ఆయన కుట్టిన నీలం కుర్తాను మడతపెట్టి దాని మీద పెడుతోంది, బట్ట ఇచ్చినప్పుడే తూచి రాసుకున్నాను మాస్టర్ గారూ, ఇప్పుడు కుర్తా, కత్తిరింపు ముక్కలు కలిపి తూస్తానండి, మా కంపెనీలో గుడ్డ పీలిక కూడా చెత్తలోకి పోకూడదు, లెక్క కుదిరితే నెలకు వంద కుర్తాలు మీకే అంటోంది, ఎంత మర్యాదగా అంటోందో, రవిక బట్టను జానతో కొలిచి పోట్లాడిన పాత బేరం లచ్చమ్మను చూశాడు గానీ బట్టను కందిపప్పులా తూచే మనిషిని నలభై ఏళ్లలో ఇదే మొదటిసారి చూడటం, ముందే తెలిస్తే ఆ పని చేసేవాడా, అసలీ కుర్తాకు రెండున్నర మీటర్లు చాలు, మూడు తెమ్మన్నది ఎవరు, తనే, ఉస్తాద్ కత్తెర చేతికివ్వక ముందే నేర్పిన పాఠమది, అర మీటరు ఎక్కువ అడుగు బేటా, మిగిలిందా అంటే సరిగ్గా సరిపోయిందను, అందుకే ఇంట్లో దిండు గలీబులన్నీ చిలకలగూడ ఆడపడుచుల పెళ్లిబట్టలే.

ఎనభై గ్రాములు తక్కువ వస్తోందండి, ముక్కలింకేమైనా ఉన్నాయేమో చూడండి అంది మేడం, అయిపోయింది, తేలు కుట్టిన దొంగలా బల్ల కిందికి వంగి లేని ముక్కలు వెతుకుతున్నాడు, ఎలుకలెత్కపోయినయని చెబుదామా, ఎలుకలు కత్తెర పెట్టినట్టు కొరుకుతాయా, రెడీమేడ్లు వచ్చాక జిప్పులు మార్చడమే మిగిలింది, ఈ వంద కుర్తాలు పోతే షట్టర్ దించేసి అల్లుడు సాదిక్ చూపించిన నేరేడ్‌మెట్ వాచ్‌మన్ పనికి పోవాలి, ఈ వయసులో గేటు తీసి సలాం కొట్టాలి, యా అల్లా, ఇంతలో టీ కప్పులతో భార్య జైతున్ బీ లోపలి నుంచి వచ్చింది, కొంగు కాస్త జారింది, కొత్త రవిక, నీలం, అదే నీలం, మేడం పోయాక వేసుకోమని చెప్పాడే, ఈమె ఎప్పుడు వింది గనక!

మేడం రవిక వంక చూసింది, త్రాసు వంక చూసింది, ఎంత బట్ట పట్టిందమ్మా అని అడిగింది, అర మీటరే బిడ్డా, వేరేటోళ్లు ఎనభై సెంటీమీటర్లు అడుగుతరు, మా ఇంటాయన చంక ముక్కలు గిట్ల తిప్పి అతుకేసిండు, ఎక్కడన్న కనబడుతుందా జెర చూడు అంటూ చెయ్యెత్తి మరీ చూపిస్తోంది, భూమి చీలితే బాగుండు, ఇక దాచేదేముంది, తీసింది నేనే అమ్మా, అలవాటైపోయింది, మాఫ్ చెయ్యుండ్రి అన్నాడు, చెవులు కాలిపోతున్నాయి, మేడం ఆ అతుకు మీద వేలు పెట్టి వెతుకుతోంది, దొరకలేదు, మళ్లీ వెతికింది, నవ్వింది, ఈసారి రెండుంపావే తెస్తాను మాస్టర్ గారూ, మూడని మీరడిగినా ఇవ్వను అంది.

రెండుంపావా, ఎట్లయితదమ్మా అనబోయాడు, అది నోటి అలవాటు, వేలు అప్పుడే బల్ల మీద గీతలు గీస్తోంది, చెయ్యి ముక్కను చంక వంపులోకి తిప్పితే, జేబు ముక్కను మెడ వంపులో కోస్తే, సరిపోతుంది, హాయిగా సరిపోతుంది, ఇంత పనితనం నలభై ఏళ్లుగా తన చేతుల్లోనే ఉంది, దాన్ని దొంగతనానికి తప్ప దేనికీ వాడలేదు.