గంఫియన్ వాలిన గుమ్మం

పొద్దున్నే నల్లగౌను దులుపుకోవడం, బూట్లకి మసి పూయడం నినియన్‌కి పదకొండేళ్ల అలవాటు. క్రెయిల్ ఊళ్లో ఏ దొర శవయాత్ర కదిలినా ముందు గంఫియన్ ఉండాలి, దాని కర్ర నినియన్ చేతిలో ఉండాలి. కుర్రకారు దాన్ని చావుజెండా అంటే అతనికి ఒళ్లు మండేది. పుర్రె, చుట్టూ తెల్లటి కన్నీటి బొట్లు గీసిన ఆ నల్లగుడ్డకి తాతలనాటి పేరు గంఫియన్, అంతే! ఫలానా ఆయన వెళ్లిపోతున్నాడని ఊరికి చెప్పడం దాని పని. తర్వాత పోయేది ఎవరో చెప్పడమూ దాని పనే. గాలి ఉన్నా లేకున్నా దారిలో ఒక గుమ్మం వైపు వాలుతుంది. వారం తిరక్కుండా ఆ ఇంట్లో ఒకరు పోతారు. అది వాలగానే ఆ ఇంటివాళ్లు వీలునామా రాసుకుంటారు, పందిని అమ్మేస్తారు. గంఫియన్‌ని మాత్రం ఎవరూ తిట్టరు.

ఈసారి ఇంచ్‌డ్రమ్ దొర పోయాడు. ఊరేగింపు నినియన్ ఇంటి ముందునించే వెళ్లాలి. ఆ ఇంట్లో తొమ్మిది రోజులుగా జ్వరంతో కళ్లు తెరవని కూతురు గ్రిజెల్ ఉంది. తల్లిలేని పిల్ల. పక్కింటి ఎఫీ పిన్నే తడిగుడ్డలు మారుస్తూ కూచుంది.

"ఇవాళ కర్ర ఇంకెవరికన్నా ఇవ్వరాదూ?" అంది ఎఫీ.

"ఇంకొకడైతే అది ఎటు లాగితే అటు వదిలేస్తాడు పిన్నీ."

"నువ్వేం చేస్తావేంటి?"

నినియన్ గౌను గుండీలు పెట్టుకుని బయటికి నడిచాడు.

తన గుమ్మం ఇంకా ఇరవై అడుగులుండగానే కర్ర బరువెక్కింది. పొగగొట్టాల్లో పొగ నిటారుగా లేస్తోంది. అయినా గంఫియన్ అతని ఇంటివైపే ఒరిగింది. నినియన్ పళ్లు బిగించి, కర్రని రొమ్ముకి అదుముకుని నిలబెట్టాడు. భుజంలో ఏదో పటుక్కుమంది. వెనక నడిచేవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. తలుపు దాటాడు, కిటికీ దాటాడు. గోడ చివరికొచ్చేసరికి సత్తువ అయిపోయింది. నల్లగుడ్డ ఒక్క ఊపున పక్క గుమ్మం మీద వాలింది.

ఆ ఇంట్లో ఉండేది ఎఫీ ఒక్కతే. పిల్ల కోసం కాచిన ఓట్స్ గంజి గిన్నెతో గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నాకా?" అంది. కాసేపు పుర్రె వంక చూసింది. "సరేలే, ఎప్పుడో ఒకప్పుడు."

అంతలో నినియన్ కిటికీలోంచి సన్నగా వినిపించింది. "నాన్నా, ఆకలి."

ఎఫీ మొహం విప్పారింది. "విన్నావా నినియన్! అది నీ గుమ్మం దాటెయ్యాలని పొద్దున్నించీ దేవుణ్ణి వేడుకుంటూనే ఉన్నా. నువ్వు నడువు, పిల్లకి నేను పెడతాలే."

గిన్నె ఒలకకుండా శాలువా చెంగు అడ్డంపెట్టుకుని గబగబా అతని ఇంట్లోకి వెళ్లింది. నినియన్ తలెత్తలేకపోయాడు. కర్ర ఇప్పుడు పుల్లలా తేలిగ్గా ఉంది.